పంగిడి నల్లరాయి, చీమకుర్తి గెలాక్సీ: ఒక వేసవి ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ 28

మేనకోడలు బుజ్జి హైదరాబాద్ నుంచి రాజమండ్రి వచ్చింది. ఎనిమిదో తరగతి అయిపోయింది. బ్యాగు ఎత్తబోతే నడుం పట్టేసినంత పనైంది. లోపల బట్టల కింద వాళ్ల కాలనీ వెనక గుట్ట దగ్గర ఏరిన గులాబీరంగు రాయి ఉంది. బడి తెరిచాక చూపించాల్సిన ప్రాజెక్టు అట: 'అగ్నిశిలలు, భూమి లోపల, భూమి పైన'. అట్ట మీద అగ్నిపర్వతం బొమ్మ వేసి, లోపలికి గ్రానైట్, పైకి బసాల్ట్ అంటించి పేర్లు రాసేస్తే అయిపోతుంది అంది.

ఇరవై ఏళ్లుగా సైట్ సూపర్‌వైజర్‌ని. లారీల్లో దిగే నల్ల కంకరని 20 ఎంఎం, 12 ఎంఎం, డస్ట్ అని చూడటమే తప్ప అది ఎలా పుట్టిందో ఏనాడూ ఆలోచించలేదు. అంటించడం చివర్లో చూద్దాం, ముందు చేత్తో చేసి చూద్దామన్నాను. "అయితే లావా చేద్దామా మావయ్యా?" అంది. వంటింట్లోంచి మా ఆవిడ "నా స్టవ్ మీద కాదు" అంది.

ఏప్రిల్ 29

మూడు రాళ్లు పోగయ్యాయి. గులాబీ గ్రానైట్ బుజ్జిది. నల్లరాయి మా సైట్‌కి పునాది కోసం దిగిన, గోదావరి అవతలి పంగిడి క్వారీ బండలోంచి కొట్టిన ముక్క, బసాల్ట్ అంటే ఇదే. మూడోది గ్రానైట్ షాపు వెనక పారేసిన తుక్కులో దొరికిన 'బ్లాక్ గెలాక్సీ', ప్రకాశం జిల్లా చీమకుర్తి రాయి. నల్లగా, మధ్య మధ్య బంగారు చుక్కలతో ఉంటుంది, మా వంటింటి గట్టు కూడా అదే. మెరుస్తోంది కదా అని బుజ్జి పట్టుబట్టి తెచ్చింది. లోపలి రాళ్ల గడిలో గ్రానైట్ పక్కన ఇదీ ఉంటుందిలే అనుకున్నాం. ఈ ముక్కే తర్వాత మా లెక్కంతా తిరగేస్తుందని అప్పటికి తెలీదు.

వాచీ రిపేరు చేసే ఆయన దగ్గర కంటికి పెట్టుకునే పది రెట్ల భూతద్దం అడిగి తెచ్చాను. పలుకు ఎంత ఉందో కొలవడానికి ఒక పద్ధతి పెట్టుకున్నాం: రాయి మీద స్కేలుతో 5 సెంటీమీటర్ల గీత గీసి, ఆ గీత ఎన్ని పలుకుల మీదుగా పోతుందో లెక్కపెట్టడం. ఒక్కో రాయికి మూడు గీతలు.

గ్రానైట్‌లో 12, 10, 11. అంటే పలుకు సగటున నాలుగున్నర మిల్లీమీటర్లు. గెలాక్సీలో 19, 22, 20. సుమారు రెండున్నర మిల్లీమీటర్లు. పంగిడి రాయిలో లెక్క కుదరలేదు. భూతద్దంలో పెట్టి చూసినా నల్లటి ముద్దే. "గీతంతా కలిపి ఒకటే పలుకు అని రాయనా?" అంది బుజ్జి. కాదు, లెక్కకు అందనంత చిన్నవి అని రాయించాను.

గ్రానైట్‌లో ఏమున్నాయో కూడా విడదీశాం. గులాబీ రంగువి ఫెల్డ్‌స్పార్. బూడిద రంగులో గాజులా ఉన్నది క్వార్ట్జ్, మనం పలుగురాయి అనేది అదే. బ్లేడుతో ఎంత గీసినా గీత పడలేదు. నల్లటి పొరలుగా గోటికి లేచి వచ్చేది నల్ల అభ్రకం.

మే 1

మేడే. క్రషర్లకి సెలవు, దుమ్ము లేదు. వంతెన దాటి కొవ్వూరు మీదుగా పంగిడి వైపు వెళ్లాం. క్వారీలోకి దిగలేదు, అంచున కంచె ఇవతల నిలబడే చూశాం. వందసార్లు వచ్చిన చోటే. కానీ లోడు ఎప్పుడు కడతారా అని కాకుండా గోడకేసి చూడటం ఇదే మొదలు.

కింద ఒక నల్లటి పొర, పైన ఇంకో నల్లటి పొర. రెండిటి మధ్య తెల్లగా సున్నపురాయీ మట్టీ కలిసిన పట్టీ. కింది పొర ఒక విడత లావా. అది చల్లారాక దాని మీద నీళ్లు నిలిచాయి, అడుగున సున్నం పేరుకుంది, నత్తలు బతికాయి. వాటి గుల్లలు ఆ పట్టీలో శిలాజాలుగా దొరుకుతాయి. ఆ తర్వాత రెండో విడత లావా వచ్చి అన్నిటినీ కప్పేసింది. దీన్నంతటినీ కలిపి రాజమండ్రి ట్రాప్స్ అంటారు. వయసు సుమారు 6.6 కోట్ల ఏళ్లు, అంటే డైనోసార్లు అంతరించిన కాలం.

మరి ఇక్కడ అగ్నిపర్వతం ఏది అని బుజ్జి చుట్టూ చూసింది. నేనూ ఇక్కడే ఎక్కడో ఉండేదనుకునేవాణ్ణి. కానీ చాలామంది భూగర్భ శాస్త్రవేత్తలు చెప్పేది వేరు. ఈ లావా మహారాష్ట్ర వైపు పడమటి కనుమల్లో, దక్కన్ లావాలు పుట్టిన చోట నేల పగుళ్లలోంచి పొంగి, అప్పటి నదీలోయల వెంట సుమారు వెయ్యి కిలోమీటర్లు పారి ఇక్కడికి చేరిందంటారు. మధ్యలో వందల కిలోమీటర్ల మేర ఆ రాయి జాడ లేకపోయినా, రెండు చోట్లా వయసూ రసాయన కూర్పూ కలుస్తున్నాయి. లెక్క సరైనదైతే ప్రపంచంలో అంత దూరం పారిన లావా మరొకటి తెలియదు. నేను రోజూ బేరమాడేది ఆ రాయినే.

వెయ్యి కిలోమీటర్లు పారేసరికి చల్లారిపోదా? దీనికి జవాబు మధ్యాహ్నం ఇంట్లో పరమాన్నం గిన్నెలో దొరికింది. పైన మీగడ కట్టింది కదా అని బుజ్జి వేలు పెట్టి కెవ్వుమంది. లావా కూడా అంతే. 1100, 1200 డిగ్రీల్లో బయటికొస్తుంది, పైపొర నిమిషాల్లోనే గట్టిపడుతుంది. ఆ గట్టి పొరే దుప్పటిలా కప్పి లోపలి వేడిని పోనివ్వదు. దాని కింద లావా పారుతూనే ఉంటుంది. హవాయిలోని కిలాయియా ఇకి గుంటలో 1959లో వంద మీటర్లకు పైగా లోతున లావా నిండింది. పైన నడిచేంత గట్టిపడ్డా అడుగుదాకా పూర్తిగా రాయి కావడానికి మూడు దశాబ్దాలకు పైనే పట్టింది.

క్వారీ బయట కుప్పలో తొర్రలున్న ముక్క ఒకటి దొరికింది. లావా పొర పైభాగంలో ఇలా ఉంటుంది. సోడా మూత తీస్తే బుడగలు పైకి తన్నుకొచ్చినట్టు, లావాలో కరిగి ఉన్న వాయువులు ఒత్తిడి తగ్గగానే బుడగలు కడతాయి. బయటపడేలోపే చుట్టూ ఉన్నది గట్టిపడితే తొర్రలు మిగులుతాయి. కొన్ని తొర్రల్లో తెల్లటి ఖనిజం నిండి ఉంది. అది లావాతో వచ్చింది కాదు, తర్వాత ఊరిన నీళ్లు తెచ్చి నింపింది.

మే 3

పటికతో మొదటి ప్రయోగం. 200 మిల్లీలీటర్ల వేడినీళ్లలో 80 గ్రాముల పటిక కరిగించాం. అలాంటివి మూడు గ్లాసులు. ఒకటి ఐసు గిన్నెలో, ఒకటి గట్టు మీద, ఒకటి థర్మోకోల్ డబ్బాలో చుట్టూ ఊక కూరి.

ఐసులోది ఐదు నిమిషాల్లో తెల్లబడి అడుగున ఇడ్లీ రవ్వలా దిగింది. గట్టు మీదిది సాయంత్రానికి రెండు మూడు మిల్లీమీటర్ల పలుకులు. ఊకలోది పాడైంది. బుజ్జి గంటకోసారి మూత తీసి, గ్లాసు ఎత్తి వెలుతురులో తిప్పి చూసిందట. కదిపిన ప్రతిసారీ కొత్త పలుకులు మొదలై అన్నీ చిన్నవే అయ్యాయి. రాత్రి మళ్లీ పెట్టి డబ్బాని బీరువా మీద దాచాను.

మే 4

పొద్దున తీసి చూస్తే తొమ్మిది మిల్లీమీటర్ల స్ఫటికం. ఎనిమిది ముఖాలు, చెక్కినట్టు. పటిక అదే, నీళ్లు అవే, చల్లారడానికి పట్టిన టైమొక్కటే మారింది. కరిగిన దాంట్లో అణువులు చెదిరిపోయి తిరుగుతుంటాయి. చల్లారేకొద్దీ అక్కడక్కడా గుంపులు కడతాయి. తీరిగ్గా చల్లారితే కొన్ని గుంపులే మొదలై, మిగతా అణువులన్నీ వచ్చి వాటికే అతుక్కుంటాయి. గబుక్కున చల్లారితే లక్ష చోట్ల ఒకేసారి మొదలై ఏదీ పెరగదు.

అంతా బాగానే ఉంది. ఇంటర్లో సైన్సు చెప్పే మా స్నేహితుడు సాయంత్రం వచ్చి చూసి, "ఇది నీళ్లలో కరిగింది కదయ్యా, శిలాద్రవం నీళ్లలో కరిగిన రాయి కాదు, కరిగిన రాయే" అన్నాడు. నిజమే. కరిగించిందే గట్టిపడాలి. అందుకని పంచదార.

ఈ పని నేనే చేశాను, పిల్లని గుమ్మం అవతలే ఉంచాను. కరిగిన పంచదార నూట ఎనభై డిగ్రీల పైన ఉంటుంది, చర్మానికి అంటితే వదలదు. నీళ్లు కలపకుండా కరిగించి, సగం ఐసు మీద పెట్టిన స్టీలు పళ్లెంలో పోశాను. మిగతా సగం ఉన్న చిన్న గిన్నెని వేడి ఇసుకలో దించాను, పల్లీలు వేయించే మూకుడులోలాగా. చల్లారడానికి రెండు గంటల పైనే పట్టింది.

పళ్లెంలోది తేనెరంగు గాజు. ఇసుకలోది ముదురు గోధుమరంగు గాజు. రెండూ గాజే, ఒక్క పలుకూ లేదు! గిన్నె మాడింది. మా ఆవిడ మాట్లాడటం మానేసింది.

మే 5

రాత్రంతా అదే ఆలోచన. పంచదార ఎందుకు పలుకు కట్టలేదు? పొద్దున గిన్నె తోముతుంటే, అంటే నాచేతే తోమించారు, అర్థమైంది. కరిగిన పంచదార తేనెకన్నా చిక్కన. అణువులు కదిలి ఒకచోట చేరేలోపే ఉన్నచోటే బిగుసుకుపోతాయి. రాళ్లలోనూ ఇలాంటిదుంది. సిలికా, అంటే పలుగురాయిలో ఉండే పదార్థం, ఎక్కువున్న లావా బాగా చిక్కగా ఉంటుంది. అది బయటికొచ్చి గబగబా చల్లారితే నల్లటి గాజవుతుంది, అబ్సిడియన్. కాబట్టి ప్రయోగం ఫెయిల్ కాలేదు, మేం అడగని ప్రశ్నకి జవాబిచ్చింది. ఈ మాట మా ఆవిడకి చెప్పాను. ఫలితం లేదు.

మే 6

కరెంటు లేదు, ప్రయోగం లేదు. చదివింది రాసుకుంటున్నాను.

మాకన్నా ముందే ఈ పని చేసినాయన ఒకరున్నారు. ఎడిన్‌బరోలో జేమ్స్ హాల్. అప్పట్లో బసాల్ట్ సముద్రపు నీళ్లలో పేరుకుని పుట్టిందని ఒక వర్గం, కరిగిన రాయి చల్లారి పుట్టిందని జేమ్స్ హటన్ అనే భూగర్భ శాస్త్రవేత్త వర్గం. రాయిని కరిగిస్తే గాజే వస్తుంది కదా, మరి బసాల్ట్ గాజులా ఎందుకు లేదని మొదటి వర్గం వాళ్లు ఎద్దేవా చేసేవారు. ఒక గాజు ఫ్యాక్టరీలో మెల్లగా చల్లారనిచ్చిన గాజు మసకబారి రాయిలా మారిందని హాల్‌కి తెలిసింది. అయితే కొలిమిలో చేసేదాన్ని బట్టి భూమి లోపలి సంగతి చెప్పడం హటన్‌కి గిట్టదు. ఆయన మీది గౌరవంతో హాల్ ఆగాడు. 1797లో హటన్ పోయాక, ఇనుము పోతపోసే కొలిమిలో బసాల్ట్‌ని కరిగించాడు. గబుక్కున చల్లారిస్తే గాజు. మళ్లీ కరిగించి మెల్లగా చల్లారిస్తే రాయి! 1798లో ఆ సంగతి ఎడిన్‌బరో రాయల్ సొసైటీకి చెప్పాడు.

"ఆయనకి కొలిమి ఉంది మావయ్యా, మనకి కుక్కరుంది" అంది బుజ్జి. కుక్కరు మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. భూమి లోపలంతా లావా సముద్రం అనుకుంటోంది తను, ముందు నేనూ అంతే. కానీ మాంటిల్, అంటే భూమి పైపెంకు కిందుండే మందపాటి పొర, దాదాపు అంతా గట్టి రాయే. అక్కడి వేడికి కరగాలి, పైనున్న బరువు కరగనివ్వదు. కుక్కర్లో నీళ్లు వంద డిగ్రీలు దాటినా ఒత్తిడి వల్ల మరగకుండా ఆగి, ఆవిరి వదలగానే ఒక్కసారి తెర్లినట్టు, వేడి రాయి లోతునుంచి పైకి లేచి ఒత్తిడి తగ్గితే అందులో కొంత కరుగుతుంది. కరిగినది తేలిక కాబట్టి పగుళ్లు వెతుక్కుంటూ పైకి వస్తుంది. దారిలో ఆగిపోతే లోపలి రాయి, బయటపడితే పైరాయి.

మే 8

స్నేహితుడు కాలేజీ ల్యాబ్ నుంచి కొంచెం సాలాల్ తెచ్చాడు. తెల్లటి పొడి, 42 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, బడిపిల్లల ప్రయోగాలకి పెట్టింది పేరట. కళ్లకీ చేతులకీ అంటకుండా వాడమన్నాడు. రెండు గాజు పలకలు: ఒకటి ఐసు మీద, ఒకటి గదిలోనే. వేడినీళ్ల గిన్నెలో కరిగించి తలా నాలుగు చుక్కలు వేశాం.

ఏమీ కాలేదు. పావుగంటైనా నీళ్లలాగే ఉంది. టెన్షన్ మొదలైంది. థర్మామీటరు చూస్తే ఫ్యాన్ కింద గదిలోనే 37 డిగ్రీలు! మే నెల రాజమండ్రి కదా. కరిగే వేడికీ మా ఇంటి వేడికీ తేడా ఐదు డిగ్రీలే. కానీ ఐసు మీదిది కూడా ఎందుకు కట్టలేదు? స్నేహితుడికి ఫోన్ చేస్తే నవ్వి, తోడు వెయ్యమన్నాడు. పాలలో పెరుగు చుక్కలాగా, పొడిలోంచి ఒక్క పలుకు సూదిమొనతో తీసి చుక్కలో వేయాలట.

వేశాం. ఐసు పలక మీద చూస్తుండగానే తెల్లగా పాకిపోయి, భూతద్దంలో చూస్తే పంగిడి రాయిలా ఒకటే ముద్ద. గది పలక మీద మాత్రం తోడు వేసిన పలుకే నెమ్మదిగా అంచులు తీరుస్తూ పెరిగింది. బుజ్జి కదలకుండా కూర్చుని చూసింది, పటిక పాఠం గుర్తుంది. సాయంత్రానికి వేలిగోరంత పలకలు మూడు. కరిగించిందే గట్టిపడింది, నీళ్లు లేవు, ఇంక ఎవరూ వంక పెట్టలేరు. మండుటెండలో మా ఇల్లే పాతాళమై మాకు గ్రానైట్ చేసిపెట్టింది.

మే 9

ప్రాజెక్టు అయిపోయిందనుకుని, చివరగా బరువులు తూద్దామన్నాం. నీళ్ల గిన్నెని వంటింటి కాటా మీద పెట్టి సున్నా చేసి, రాయిని దారంతో అడుక్కి తగలకుండా నీళ్లలో వేలాడదీస్తే, కాటా ఎన్ని గ్రాములు చూపిస్తే రాయి ఘనపరిమాణం అన్ని సీసీలు. బరువుని దాంతో భాగిస్తే సాంద్రత.

గులాబీ గ్రానైట్: 412 గ్రాములు, 156 సీసీ. 2.64.
పంగిడి నల్లరాయి: 505 గ్రాములు, 176 సీసీ. 2.87.
బ్లాక్ గెలాక్సీ: 388 గ్రాములు, 130 సీసీ. 2.98.
తొర్రల ముక్క: 214 గ్రాములు, 90 సీసీ. 2.38, తొర్రలున్నాయి కాబట్టి.

బుజ్జి పెన్ను కొరుకుతూ చాలాసేపు చూసింది. "మావయ్యా, గెలాక్సీ గ్రానైట్ కదా, మరి గ్రానైట్‌కి దగ్గరగా లేదేంటి? నల్లరాయికి దగ్గరగా ఉంది."

రెండోసారి తూచాం, మళ్లీ అంతే. అప్పుడు వెతికితే తెలిసింది. చీమకుర్తి గెలాక్సీ అసలు గ్రానైటే కాదు. మార్కెట్లో పాలిష్ పట్టే గట్టిరాయి ఏదైనా గ్రానైటే కాబట్టి ఆ పేరు. శాస్త్రం ప్రకారం అది గాబ్రో జాతి. ఆ బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. ఇరవై ఏళ్లుగా వాటిని గ్రానైట్ అని బిల్లుల్లో రాస్తున్నాను.

గాబ్రో అంటే ఏమిటో చదివాక కుర్చీలోంచి లేచాను. బసాల్ట్ అయ్యే శిలాద్రవమే పైకి రాకుండా లోతులోనే ఆగి తీరిగ్గా చల్లారితే గాబ్రో. రెండిట్లోనూ సిలికా ఇంచుమించు సగమే. ఇనుము, మెగ్నీషియం ఎక్కువ, అందుకే నలుపు, అందుకే బరువు. గ్రానైట్‌లో సిలికా 70 శాతం చుట్టుపక్కల ఉంటుంది. అది వేరే వంట.

అంటే మా అట్ట తప్పు. బళ్లో చెప్పే జత కూడా ఒక రకంగా తప్పుదారి పట్టిస్తుంది. లోపలికి గ్రానైట్, పైకి బసాల్ట్ అని పెడితే రెండు సంగతులు ఒకేసారి మారుతున్నాయి: చల్లారిన తీరూ, సరుకూ. పటికలో మేం సరుకు మార్చలేదు, టైమొక్కటే మార్చాం. రాళ్ల దగ్గర మాత్రం ఐసులో పటిక, ఊకలో పంచదార పెట్టి పోల్చినట్టు చేశాం. పిల్లలంతా గ్రానైట్ లేతగా ఉండటానికి కూడా లోపల చల్లారడమే కారణమనుకుంటారు. నేను నలభై ఐదేళ్ల వయసులో అలాగే అనుకున్నాను.

మే 11

అట్ట చింపేసి కొత్తది. నాలుగు గడులు. అడ్డంగా సరుకు: సిలికా తక్కువ, సిలికా ఎక్కువ. నిలువుగా చోటు: పైన, లోపల. సిలికా తక్కువ వరసలో పైన పంగిడి బసాల్ట్, కింద చీమకుర్తి గాబ్రో. సిలికా ఎక్కువ వరసలో కింద బుజ్జి గ్రానైట్. దాని వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. కిలోమీటర్ల లోతున గట్టిపడి, పైనున్నదంతా కోట్ల ఏళ్ల పాటు అరిగి కొట్టుకుపోయాక హైదరాబాద్ గుట్టలై బయటపడింది.

బసాల్ట్, గాబ్రో గడుల మధ్య గీత మీద గట్టు మీది పటిక అంటించింది బుజ్జి. లోపలా కాదు, పైనా కాదు, నేలకి దగ్గర్లో పగుళ్లలో గట్టిపడేది డోలరైట్. హైదరాబాద్ గ్రానైట్లని చీల్చుకుంటూ నల్లటి గోడల్లా కనిపించే డైకులు అవే. మధ్యస్థం పలుకు.

నాలుగో గడికి రాయి లేదు. గ్రానైట్ సరుకే బయటికొచ్చి చల్లారితే రయోలైట్. జోధ్‌పూర్ మెహరాన్‌గఢ్ కోట కూర్చున్న కొండ అలాంటిదే, మాలానీ రయోలైట్. ఫొటో అతికిద్దామన్నాను. "అన్నీ రాళ్లుండి ఒక్కటే ఫొటోనా" అని ఒప్పుకోలేదు. చివరికి ఆ గడిలో మా పంచదార గాజు ముక్క పెట్టి కింద 'అబ్సిడియన్‌కి బదులు' అని రాసింది.

మే 14

రేపు గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి బుజ్జి ప్రయాణం. పొద్దున అట్ట సర్దబోతే నాలుగో గడి తడితడిగా ఉంది. పంచదార గాజు ఇక్కడి ఉక్కకి చెమ్మ పీల్చి అంచులు కారింది. అసలు అబ్సిడియన్ కూడా శాశ్వతం కాదు; చెమ్మ పీల్చి, కోట్ల ఏళ్లలో మెల్లగా పలుకు కట్టేస్తుంది, అందుకే మరీ పాత అబ్సిడియన్ అరుదు. ఇది బుజ్జికి చెప్పబోతుంటే తను అట్ట వెనక్కి తిప్పి చూపించింది. సన్నటి చీమల బారు గోడ దిగి, గాబ్రో మీదుగా నడిచి, నాలుగో గడి చేరుకుంటోంది.

"చీమకుర్తి" అంది.

గాజు తీసేశాం. గడి ఖాళీగానే ఉంచి, కింద 'రయోలైట్: ఇంకా దొరకలేదు' అని రాసింది. మాడిన గిన్నె నేను కొత్తది కొనాలి.